ఓడపడగ



మన పల్లెలలో మిక్కిలి కలవానిని గూర్చి చెప్పునపుడు “కోటికి పడగెత్తినవాడు” అందుము. ఈ మాటలోని పడగ పాముపడగ కాదు. పడగ యనగా జెండా. కోటి కూడబెట్టిన వర్తకుడు తన మేడపై నొక జెండా నెత్తుకొను ఆచారము పూర్వముండెడిదని పెద్దలు దీనికి అర్థము చెప్పుదురు. ఆ జెండాను చూచినవారికి రెండు సంగతులు తెలియును. ఇంటివానికి సొమ్మున్నదనుట యొకటి. ఆ యింటి మాట చెల్లుననుట రెండవది. పడగ యెత్తినవాడు ఊరి యెదుట పూచీ పడినవాడన్న మాట. నేటి నా ప్రసంగమంతయు ఈ పూచీని గూర్చియే. మేడలపై పడగలను విడిచి, ఓడలపై పడగలను చూపుటకై మిమ్ము నిజాంపట్నపు తీరమునకు తోడుకొనిపోవుదును.

మన భాషలో ఈ వస్తువునకు పేర్లు పెక్కు గలవు. జెండా, బావుటా యనునవి వెలుపలి నుండి వచ్చి మనవైపోయిన మాటలు. టెక్కెము, సిడము, పడగ మన పాత మాటలు. ధ్వజము, పతాక, కేతనము, కేతువు సంస్కృతము నుండి వచ్చినవి. తిక్కన సోమయాజి విరాటపర్వమున, ఉత్తరగోగ్రహణ ఘట్టములో, అర్జునుడు ఉత్తరునకు కౌరవవీరులను చూపు పద్యము మీలో ననేకులకు కంఠస్థమై యుండును. ద్రోణునకు బంగారు వేదిక, అశ్వత్థామకు సింహపు తోక, కృపునకు వృషభము, కర్ణునకు శంఖము, దుర్యోధనునకు సర్పము, భీష్మునకు తాడిచెట్టు. ఆరుగురు వీరులకు ఆరు గురుతులు. ఆ గురుతులను మోయు వస్తువును కవి కేతనమనియు, కేతువనియు, ధ్వజమనియు, పతాకయనియు, పడగయనియు, సిడమనియు ఆరు చోట్ల ఆరు మాటలతో పేర్కొనెను. గురువుగారి యెదుట కూర్చుండి ఆ పద్యము వల్లించు నాడు దానిని పదసంపదయని మెచ్చుకొంటిని. ఇప్పుడు చూడగా అందొక లోకవ్యవహారమును గోచరించుచున్నది. దూరమున, ధూళిలో, ముఖములు కానరావు. రథముపైని గురుతు మాత్రమే కానవచ్చును. ఎదుటనున్నవాడెవడో ఎరిగిననే గాని, ఎవనికి మ్రొక్కవలయునో, ఎవనిపై విల్లెత్తవలయునో తెలియదు. భూమిపై రథమునకు కేతనమెట్టిదో, సముద్రముపై ఓడకు పడగ యట్టిది.

ఓడలపై ఎగురు గుడ్డలలో రూపమును బట్టి ముఖ్యముగా రెండు జాతులున్నవి. నాలుగు మూలల జెండా యొకటి. కంబమువైపు వెడల్పుగా నుండి కొసకు పోయిన కొలది సన్నపడు బావుటా రెండవది. ఈ రెండవదానిని ఆంగ్లేయులు పెన్నెంటు అందురు. పెన్నెంట్లలో కొన్ని ముక్కోణములు. కొన్ని చేపతోకవలె చీలినవి. కొన్ని చర్నాకోలవలె మిక్కిలి సన్ననై పొడవైనవి. ఈ చర్నాకోలవంటి పెన్నెంటే యుద్ధనౌకకు మంగళసూత్రము వంటిది. రాజ్యము ఒక నౌకను తన కొలువులోనికి గైకొని, దానికొక అధిపతిని నియమించిన దినమున, ఈ పెన్నెంటును ఓడకంబముపై నెత్తుదురు. రేవులోనున్నపుడు జెండాను సూర్యాస్తమయమున దింపుదురు గాని దీనిని దింపరు. ఎండలోను వానలోను, పగలును రాత్రియు, నౌక కొలువులో నున్నంత కాలము అది అక్కడనే యుండును. అంతకు పెద్ద సేనాని ఓడపై విడిసి తన జెండా నెత్తినపుడు మాత్రము దానికి చోటిచ్చును.

ఈ తత్త్వము మనకు క్రొత్తది కాదు. దేవాలయములో బ్రహ్మోత్సవములు ధ్వజారోహణముతో మొదలగును, ధ్వజావరోహణముతో ముగియును. నడుమ దినములలో పొలిమేర దాటరాదను కట్టుబాటు పెక్కు ఊళ్ళలో ఉండెడిది. పడగ పైనున్నంత కాలము దేవునికి ఊరి పూచీ, ఊరికి దేవుని పూచీ. పెన్నెంటు పైనున్నంత కాలము నౌకకు అధిపతి పూచీ. అతని వెనుక రాజ్యము పూచీ. నౌక వృద్ధాప్యము చెంది కొలువు చాలించుకొనునపుడు, ఓడ పొడవునకు సరిపోవునంతటి, లేదా అంతకు మించిన, గొప్ప పెన్నెంటు నొకదానిని కట్టు ఆచారము కలదు. తుదకు సూర్యాస్తమయవేళ జెండాను, పెన్నెంటును కడపటిసారి దింపుదురు. 2017 మార్చి 6వ తేదీన విరాట్ అను మన విమానవాహక నౌకకు ముంబయిలో ఇట్లే జరిగెను. మన విశాఖపట్టణపు సముద్రతీరమున ఇసుకపై నిలిపియుంచిన కుర్సురా యను జలాంతర్గామిని మీలో కొందరు చూచియుందురు. అది 1969 డిసెంబరు 18న కొలువులో చేరి, 2001 ఫిబ్రవరి 27న విరమించెను. ఇప్పుడది పిల్లలు ఎక్కి చూచు ప్రదర్శనశాల. ఇనుము అదియే, యంత్రములు అవియే. పెన్నెంటు దిగిన నాటి నుండి అది యుద్ధనౌక కాదు. ఒక్క గుడ్డ యెత్తుటలోను దించుటలోను ఎంత యున్నదో దీనిని బట్టి యూహింపవచ్చును.

ఇక మన తీరమునకు వత్తము. కృష్ణ సముద్రమున కలియు చోటికి పడమట, సముద్రము లోపలికి వంగివచ్చిన తావును పటములలో నిజాంపట్నం అఖాతమని వ్రాయుదురు. నిజాంపట్నము చిరకాలము గుంటూరు జిల్లా రేపల్లె ప్రాంతమున నుండి, 2022లో ఏర్పడిన బాపట్ల జిల్లాలో చేరినది. నేడది చేపలరేవు. నాలుగువందల యేండ్ల క్రిందట దీని పేరు ఐరోపా వర్తకుల నోళ్ళలో పెటపోలి. ప్రక్కనున్న పెద్దపల్లి పేరు వారి నోట అట్లు మారినదని చెప్పుదురు. 1606లో ఒలాందావారు, అనగా డచ్చివారు, ఇచట వర్తకశాలను స్థాపించిరి. 1611 ఆగస్టులో గ్లోబు అను ఆంగ్లేయుల ఓడ వచ్చెను. దాని కప్తాను ఆంథొని హిప్పన్. ఆంగ్లేయుల ఈస్టిండియా కంపెనీ తూర్పుతీరమున తొలిసారి వర్తకము మొదలిడినది ఇచ్చటనే. ఇక్కడ సరకు దించి, పిమ్మట ఆ యోడ మచిలీబందరునకు పోయెను. వింత యేమనగా, ఆ ఆంగ్లేయ నౌకలో వర్తకమునకు పెద్దలై వచ్చిన ఫ్లోరిస్, ఆంథునిస్ అను నిరువురును డచ్చివారు. పడగ ఓడ యెవరి పూచీలో నున్నదో చెప్పును గాని, అందలి మనుష్యుల పుట్టుక చెప్పదు.

వారు ఇచ్చటి కెందులకు వచ్చిరి? రంగుగుడ్డకు. ఈ ప్రాంతమున పెరుగు చిరివేరు అను మొక్క వేరు నుండి తీసిన ఎఱ్ఱరంగు మిక్కిలి మేలైనదని వాసికెక్కినది. ఆ రంగు పట్టిన బట్టలు దూరద్వీపములకు పోయి, అచ్చటి సుగంధద్రవ్యములకు మారకముగా చెల్లెడివి. గుడ్డకు రంగు వేయుట మనవారి విద్య. రంగుగుడ్డతో మాటలాడుట ఓడవారి విద్య. ఈ రెండు విద్యలును ఈ ఇసుకతీరమున ఎదురుపడినవి. ఇచట తీరము వెంబడి లోతు తక్కువ. పెద్ద ఓడలు దూరముగా లంగరు వేయును. సరకు పడవలలో ఒడ్డునకు చేరవలెను. కావున ఒడ్డుననున్నవారికి ఓడకంటె ముందు దాని పడగయే కబురు చెప్పెడిది. తెలుపుపై ఎఱ్ఱని సిలువ యైనచో ఆంగ్లేయులు. మూడు అడ్డపట్టెలైనచో డచ్చివారు. ఎవరికి బట్టలు చూపవలెనో, ఎవరి బాకీ వసూలు చేసికొనవలెనో, పడగను చూచియే ఒడ్డున నిర్ణయించుకొనవచ్చును.

ఈ పడగలు వర్తకమునకే ఎగిరినవి కావు. ఐరోపాలో ఆంగ్లేయులకును డచ్చివారికిని మూడవ యుద్ధము సాగుచుండగా, ఆ మంట యిచ్చటి సముద్రమునకును అంటుకొనెను. 1673లో, ఆంగ్లేయుల నాటి పంచాంగము ప్రకారము ఆగస్టు 22న, డచ్చివారి లెక్కకు సెప్టెంబరు 1న, పెటపోలి యెదుటి సముద్రమున రెండు నౌకాసమూహములు తలపడినవి. ఆంగ్లేయుల పది ఓడలకు విలియం బాస్, డచ్చివారి ఓడలకు కోర్నెలిస్ వాన్ క్వాల్బెర్గెన్ నాయకులు. ఆంగ్లేయులు మూడు ఓడలను కోల్పోయిరి. గెలుపు డచ్చివారిది.

ఈ యుద్ధమున పడగల పని యేమి? ఆ కాలపు నౌకాయుద్ధములలో ప్రధానసేనాని తన జెండాను నడిమి కంబముపై నెత్తును. ఉపసేనాని ముందటి కంబముపై. మూడవవాడు వెనుక కంబముపై. ఫిరంగుల మ్రోతలో కేక వినబడదు. పొగలో ఓడ కనబడదు. పొగకు పైన కంబపు కొసన ఎగురు గుడ్డ మాత్రమే కనబడును. అది నిలిచియున్నచో నాయకుడున్నాడు; అది కూలినచో నాయకుని సంగతి తెలియదు; దానిని తామే దింపినచో లొంగిపోయినట్లు. అర్జునుడు ఉత్తరునకు చూపిన గురుతులకును వీనికిని భేదమేమున్నది?

ఇందొక చిక్కు కలదు. పెటపోలి యెదుట పోరాడిన ఆంగ్లేయుల ఓడలు రాజుగారి యుద్ధనౌకలు కావు, కంపెనీవారి సరకుటోడలు. వర్తకుడు యుద్ధము చేసిన నాడు వాని పడగ యెవరిది? రాజుదా, అంగడిదా? ఈ గడబిడ ఆంగ్లేయుల దేశమునను ఉండెడిది. వర్తకపు టోడలు రాజనౌకల పెన్నెంట్లను ఎత్తుకొని, ఆ గౌరవమును అనుభవించుచుండెను. 1674 సెప్టెంబరు 18న రెండవ చార్లెసురాజు ఒక ప్రకటన చేసి, వర్తకపు టోడలు రాజనౌకల జెండాలను, పెన్నెంట్లను ఎత్తరాదని నిషేధించెను. పెటపోలి యుద్ధమునకును ఆ ప్రకటనకును సంబంధమున్నదని నేననను. కాని రెంటిలోను ప్రశ్న యొక్కటియే. పూచీ లేనివాడు పడగ యెత్తరాదు. కోటి లేనివాడు మేడపై పడగ కట్టినచో వాని గుమ్మము కడకు వచ్చి మోసపోవువారెవరు? సామాన్యులే గదా.

ఆ యుద్ధముల కాలమునకు చెందినదని చెప్పబడు ముచ్చట యింకొకటి కలదు. డచ్చి సేనాని ట్రోంప్ తన ఓడకంబమునకు చీపురు కట్టి, సముద్రమును ఊడ్చివేయుదునని చాటెననియు, ఆంగ్ల సేనాని బ్లేక్ చర్నాకోలను కట్టి, కొట్టి తరుముదునని బదులిచ్చెననియు, సన్నని పెన్నెంటు ఆ చర్నాకోల నుండియే పుట్టెననియు చెప్పుకొందురు. కథ సొగసైనదే. అయితే పొడవైన పెన్నెంట్లు ఆ యుద్ధములకు చాలముందే యున్నవి గనుక, దీనిని చరిత్రగా గ్రహింపరాదు. దీనికంటె నాకు ప్రియమైనది ప్రార్థన పెన్నెంటు. ఆంగ్లనౌకలు ప్రార్థనాసమయమున ఒక పెన్నెంటు నెత్తుదురు. అందు కంబమువైపు ఆంగ్లేయుల సిలువ; తోకవైపు డచ్చివారి మూడు రంగులు. రెండు పక్షములును ప్రార్థనకై పోరు ఆపిన దినములకు అది గురుతని ఐతిహ్యము. ఐతిహ్యము ఎట్లున్నను గుడ్డ మాత్రము ఎదుటనే యున్నది: నిన్నటి శత్రువు లిరువురును ఒక్క బావుటాలో కుట్టబడియున్నారు.

ఇంతవరకు ఓడలు తీరమునకేమి చెప్పెనో వింటిమి. తీరము ఓడలకేమి చెప్పెను? దీనికి జవాబు నిజాంపట్నమునకు నైఋతిగా, తీరము వెంబడి పోయినచో, మోటుపల్లిలో రాతిపై చెక్కబడియున్నది. ఇందుకై మనము పెటపోలి వర్తకుల కాలమునకు నాలుగు శతాబ్దములు వెనుకకు పోవలెను. శాలివాహనశకము 1166, అనగా క్రీస్తుశకము 1244లో, కాకతీయ గణపతిదేవ చక్రవర్తి మోటుపల్లి వీరభద్రాలయము నొద్ద ఒక అభయశాసనము వేయించెను. ద్వీపాంతరములకును దేశాంతరములకును పోవచ్చుచుండు వర్తకుల ఓడలు తుపానుకు చిక్కి, విరిగి, ఈ తీరమునకు కొట్టుకొనివచ్చినపుడు, పూర్వరాజులు అందలి ధనమును, ఏనుగులను, గుఱ్ఱములను, రత్నములను బలాత్కారముగా గైకొనుచుండిరట. ప్రాణములకు తెగించి సంపాదించినవారి సొమ్మది. దయతోడను, కీర్తికొరకును, ధర్మముకొరకును, నిర్ణీతమైన సుంకము తప్ప తక్కినదంతయు వారికే విడిచిపెట్టితిమని చక్రవర్తి పలికెను. ఎగుమతి దిగుమతి సరకులపై సుంకము ముప్పదింట నొకవంతు. తరువాత 1358లో రెడ్డిరాజగు అనపోతారెడ్డియు ఇచ్చటనే వర్తకులకు అభయమిచ్చుచు శాసనము వేయించెను.

శ్రోతలారా, ఒక్క సంగతి గమనింపుడు. ఆ శాసనము ఓడ ఏ పడగ యెత్తినదని అడుగలేదు. ఏ దేశపువాడవు, ఏ మతమువాడవు అని అడుగలేదు. తుపానులో చిరిగిపోయిన ఓడకు పడగ యెక్కడ మిగులును? పడగ లేనివానికి తానే పడగ యెత్తిన రాజు గణపతిదేవుడు. అర్ధశతాబ్ది గడువకముందే మార్కోపోలో యను వెనిసునగరపు యాత్రికుడు ఈ రేవు పేరిట ఈ రాజ్యమును ప్రస్తుతించుచు, దానిని పాలించిన రాణిని మిక్కిలి కొనియాడెను. ఆమె గణపతిదేవుని కుమార్తె రుద్రమదేవి యని చరిత్రకారు లెరుగుదురు. మాట నిలుపుకొన్న రేవునకు పేరు దూరముగా పోవును.

ఆ పిమ్మటి కథను త్వరగా చెప్పుదును. పెటపోలిలోని ఆంగ్లేయుల వర్తకశాల 1621లో మూతపడి, 1633లో మరల తెరువబడి, గోల్కొండ ఔరంగజేబు వశమైన 1687లోనే తుదిసారి మూతపడెను. 1753లో నిజాంపట్నము ఫ్రెంచివారి పాలయ్యెను. 1759 ఏప్రిలులో కర్నల్ ఫోర్డు బందరుకోటను పట్టుకొనగా, సలాబతుజంగు ఆ మే నెలలో బందరును, నిజాంపట్నమును ఆంగ్లేయుల కొసగెను. నాటి నుండి సుమారు రెండువందల యేండ్లు మన సముద్రముపై పరుల పడగయే ఎగిరెను. 1946 ఫిబ్రవరిలో బొంబాయి రేవున నౌకాదళపు భారతీయ నావికులు తిరుగబడి ఓడలపైని బ్రిటిషుజెండాలను దింపి, కాంగ్రెసు, లీగు, కమ్యూనిస్టు జెండాలను మూడింటిని ప్రక్కప్రక్కన ఎత్తిరి. 1948 మార్చి 14న విశాఖపట్టణమున జల ఉష యను ఓడను ప్రధానమంత్రి నెహ్రూగారు నీటిలోనికి దింపిరి. 1950 జనవరి 26న మన నౌకాదళపు జెండా మూలలోని బ్రిటిషుగురుతు పోయి త్రివర్ణము వచ్చెను. అందు మిగిలియున్న ఎఱ్ఱసిలువ నడుమ కొంతకాలము పోయి మరల వచ్చి, తుదకు 2022 సెప్టెంబరు 2న కొచ్చిలో తొలగింపబడెను. క్రొత్త జెండాలో శివాజీ ముద్రను తలపించు ఎనిమిది కోణముల డాలు, “శం నో వరుణః” అను వేదవాక్యము ఉన్నవి. ఈ విధముగా పడగ పూర్తిగా మనదయ్యెను. పడగ మనదైన పిమ్మట పూచీయు మనదే. ఆ పూచీని గూర్చి చెప్పుటకే నేనింత దూరము వచ్చితిని.

ఓడలు ఒండొంటితో మాటలాడుటకు అంతర్జాతీయ సంకేతపుస్తకమొకటి కలదు. 1857లో ఆంగ్లేయులు 18 జెండాలతో దానిని మొదలిడిరి. నేడు వాడుకలోనున్నది 1969 నుండి అమలగుచున్నది. ఆంగ్లాక్షరములకు 26 జెండాలు. అంకెలకు 10 పెన్నెంట్లు. ఒకే జెండా మరల కావలసినచో దాని బదులు వాడునవి 3. పసుపుపచ్చని జెండా ఒంటిగా నెత్తినచో, “మా ఓడలో రోగము లేదు, రేవులోనికి రానిండు” అని యర్థము. నీలము నడుమ తెల్లచదరము రేవులో నెత్తినచో, “ఓడ కదలుచున్నది, అందరును వచ్చి యెక్కుడు” అని యర్థము. ఇవి యన్నియు నొక యెత్తు. నలువదవది యొక యెత్తు. అది ఎరుపు తెలుపు నిలువుపట్టెల పెన్నెంటు. దాని పేరు జవాబు పెన్నెంటు. ఎదుటి ఓడ సంకేతమెత్తగా చూచినవాడు ఈ పెన్నెంటును సగము ఎత్తున నిలుపును. అనగా “చూచితిని”. పుస్తకము తిప్పి భావము గ్రహించిన పిమ్మట దానిని కొసవరకు లాగును. అనగా “తెలిసికొంటిని”. చూచుట వేరు, తెలిసికొనుట వేరు అని ఓడవారు ఒక్క త్రాటితో చూపుచున్నారు. మొదటి ఓడ ఈ జవాబు కొరకు వేచియుండును. జవాబు పైకెక్కువరకు తన సంకేతమును దింపదు.

నేను ఈ తీరప్రాంతపు బడి యొకదానిలో తెలుగు పండితుడనై యున్న కాలమున, ఒక కార్తికమాసపు సాయంకాలము, నా శిష్యుని తండ్రి, పడవపై వేటకు పోవువాడు, గుమ్మము కడకు వచ్చెను. “మేష్టారూ, రేవులో మూడో నెంబరు ఎత్తారంట. మూడంటే మూడు రోజులకి వస్తదనా, మూడామడల్లో ఉందనా? మీకు తెలుస్తదని వచ్చాను” అని అడిగెను. నాకు తెలియదు. అమరము నోటికి వచ్చిన నాకు, భారతములోని ఆరు పడగల పేర్లు చెప్పగల నాకు, మా రేవున ఎత్తిన సంకేతము తెలియదు. తెలియదని చెప్పితిని. అతడు నన్నేమియు అనలేదు. సముద్రముపై తేలుచున్న వలలలో తన వల యేదో, వెదురుకొమ్మకు కట్టిన గుడ్డపేలికను బట్టి అరకోసు దూరము నుండి గుర్తుపట్టగలవాడతడు. ఆకాశము వంక చూచి, “సరేలెండి, ఈ పూట పడవ లాగేస్తాం” అని వెడలిపోయెను. నాటి రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఆ సంకేతముల సంగతి అటు తరువాతనే నేర్చుకొంటిని. నేర్చుకొన్నది మీకు చెప్పుచున్నాను.

తుపానువేళ గుడ్డ పనికిరాదు. తడిసిన గుడ్డ కంబమునకు చుట్టుకొనును, గాలికి చిరుగును. కావున రేవులలో పగటివేళ శంకువు, పీపా ఆకృతులును, రాత్రివేళ ఎరుపు తెలుపు దీపములును పడగలకు బదులుగా ఏర్పడినవి. వీనికే అంకెలు. ఒకటి యనగా దూరసముద్రమున వాయుగుండము పుట్టినది. రెండు అనగా అది తుపానుగా బలపడినది. రేవునకు ఇంకను దూరముననే యున్నది గాని, సముద్రములోనికి పోవు ఓడకు ప్రమాదము. మూడు అనగా రేవునకే ఈదురుగాలులు తగులవచ్చును. నాలుగు అనగా రేవునకు తుపాను ముప్పు కలదు. ఐదు, ఆరు, ఏడు ప్రమాదసంకేతములు: తుపాను రేవునకు ఒక ప్రక్కగా, మరియొక ప్రక్కగా, లేక రేవు మీదుగానే తీరము దాటును. ఎనిమిది, తొమ్మిది, పది ఆ క్రమముననే మహాప్రమాదమును దెలుపును. కావున ఈ అంకెలు ఆమడలు కావు, దినములు కావు. ఇక పదునొకండవది విచిత్రమైనది. వాతావరణశాఖతో వార్తాసంబంధము తెగిపోయినదనియు, స్థానికాధికారి ప్రమాదమును శంకించుచున్నాడనియు దాని యర్థము. కబురు రాకపోవుటయే కబురైన సంకేతమది.

ఈ యేర్పాటు ఊరక పుట్టలేదు. 1864 అక్టోబరులో కలకత్తాను, నవంబరు 1వ తేదీన మన బందరును తుపానులు ముంచెత్తినవి. బందరు ఉప్పెనలో సుమారు ముప్పదివేలమంది మరణించిరందురు. మరుసటి యేట కలకత్తా రేవున తుపాను హెచ్చరికలు మొదలయినవి. 1875లో భారత వాతావరణశాఖ ఏర్పడెను. అయినను నూరేండ్లు గడచిన పిమ్మట, 1977 నవంబరు 19న, మన తీరమున ఉప్పెన దివిసీమను తుడిచిపెట్టెను. మృతులు పదివేలకు పైమాట. నాటి కెరటము నిలువెత్తు తాళ్ళను ముంచినదని చూచినవారు చెప్పగా వింటిని. హెచ్చరికలు వెలువడినవి. రేవున సంకేతమెక్కుట వేరు, అది ఊరూర గుడిసె గుడిసెకు చేరుట వేరు, చేరినది అర్థమై మనుష్యులు కదలుట వేరు. పడగ పైకెక్కినది, జవాబు పెన్నెంటు సగముకంటె పైకెక్కలేదు. 2023 డిసెంబరు 5న బాపట్ల సమీపముననే తుపాను తీరము దాటినపుడు, లోతట్టు పల్లెలవారిని ముందుగానే తరలించిరి. పంటలు పోయినవి గాని, 1977 నాటివలె ఊళ్ళకూళ్ళు శవములతో నిండలేదు. చూచుటకును తెలిసికొనుటకును నడుమ దూరము తగ్గినపుడు ప్రాణములు నిలుచును.

పెద్దలారా, మీకు నా విన్నపమొక్కటి. మన పిల్లలకు ఆరు పడగల పద్యము నేర్పుదుము, మానరాదు. దానితోపాటు ఈ పదునొకండు అంకెల అర్థమును నేర్పుదము. బడిగోడపై, రచ్చబండ కడ, దేవాలయపు ప్రాకారముపై తెలుగక్షరములతో వ్రాయింతము. సంకేతమెత్తువారికిని పూచీ కలదు: అర్థము తెలియు భాషలో, తెలియవలసినవానికి అందునట్లు చెప్పవలెను. చూచినవానికిని పూచీ కలదు: తెలియనిచో తెలియదని ఒప్పుకొని అడుగవలెను. నాటి నా శిష్యుని తండ్రి తన పూచీ తాను నెరవేర్చెను. తప్పిపోయినది నా పూచీయే. ఇన్నేండ్లకు నేడు ఈ ఆకాశవాణి ద్వారా అతనికి జవాబు చెప్పగలిగితిని. మూడనగా, తమ్ముడా, మూడు దినములు కాదు, మూడామడలు కాదు. గాలి మన రేవునకే రావచ్చును, పడవ లాగుమని. నీవు చేసిన పనియే సరియైనది.